సోలార్ బోరు, ట్యాంకు, డ్రిప్: సైజులూ టైమ్‌టేబులూ ఒకే లెక్కలో తేలాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. నార్పల దగ్గర 4 ఎకరాల చీనీ తోట, సుమారు 430 చెట్లు, నీళ్లకు ఒకటే బోరు. మే నెలలో చెట్టుకు రోజుకు 120 లీటర్లు కావాలని లెక్కేసి 7.5 హెచ్‌పీ మోటారు, దానికి తగ్గ ప్యానెళ్లు, లక్ష లీటర్ల ట్యాంకు ఖాయం చేశారు. ఆ తర్వాత మోటారు ఎప్పుడు నడవాలి, డ్రిప్ ఎప్పుడు వదలాలి అనే పనిని జెనెటిక్ అల్గారిథమ్‌కి, అంటే చాలా జవాబులు ఊహించి బాగున్నవాటిని కలుపుతూ తరతరాలుగా మెరుగుపరిచే ప్రోగ్రామ్‌కి, అప్పగించారు. ఒక్కో రన్‌కి దాదాపు 3 రోజులు పడుతోంది. వచ్చిన డిజైన్ ఖర్చు రైతు మోయలేనంత ఉంది. పైగా డిసెంబరు 31 రాత్రికి ట్యాంకూ బోరూ రెండూ అడుగంటుతున్నాయి. అల్గారిథమ్ మార్చాలా, ఇంకా పెద్ద కంప్యూటర్ తీసుకోవాలా అని అడిగారు.

రెండూ అక్కర్లేదు. మార్చాల్సింది లెక్క పెట్టిన తీరు. సైజులు ముందు తేల్చి, నడిపే పద్ధతి తర్వాత వెతికారు. ఇలాంటి వ్యవస్థలో ఆ రెండింటినీ విడదీయడం కుదరదు. పంపులు, లిఫ్టుల డిజైన్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఈ ఒక్క చోటే అని నా గట్టి నమ్మకం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సైజుకూ కాలానికీ ఉన్న సంబంధం మన జిల్లాలోనే పెద్ద అంకెల్లో కనిపిస్తుంది. హంద్రీ-నీవాకు శ్రీశైలం వెనుక జలాల నుంచి 40 టీఎంసీలు, వరద ఉండే 120 రోజుల్లో తీసుకోవాలన్నది మొదటి లెక్క. 40 టీఎంసీలను 120 రోజులకు పంచి చూడండి. సెకనుకు సుమారు 3,850 ఘనపుటడుగులు వస్తాయి. కాలువకు అనుకున్న సామర్థ్యం అదే. వరద 60 రోజులే ఉంటే అవే 40 టీఎంసీలకు రెట్టింపు కాలువ, రెట్టింపు పంపులు కావాలి. లేదంటే మధ్యలో నిల్వ చేసుకునే రిజర్వాయరు పెద్దది కావాలి. అంటే సామర్థ్యం అనే అంకెలోనే 'ఎన్నాళ్లు, ఎప్పుడెప్పుడు' అనే ఊహ దాగి ఉంది. మీ 7.5 హెచ్‌పీ వెనుకా అలాంటి ఊహ ఒకటుంది: రోజుకు 52 వేల లీటర్లు, అదీ 6 గంటల్లో, నీటిమట్టం 100 మీటర్ల దగ్గర ఉండగా. ఈ మూడు అంకెల్లో ఏదీ బయటి నుంచి వచ్చింది కాదు. మూడూ మీ డిజైన్ మీదే ఆధారపడి మారతాయి.

ఎలాగో ఒక్క మోటారు దగ్గరే చూద్దాం. మిగతా పద్ధతంతా దీని మీదే నిలబడుతుంది.

సోలార్ పంపు కంట్రోలర్ ఎండను బట్టి మోటారు వేగాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. సెంట్రిఫ్యూగల్ పంపులో నీళ్లు వేగానికి తగ్గట్టు, ఎత్తు వేగం వర్గానికి తగ్గట్టు, పవర్ వేగం ఘనానికి తగ్గట్టు మారతాయి. మీ పంపు పూర్తి వేగంలో, నీళ్లు వదలకుండా, 150 మీటర్ల ఎత్తు వరకు తోయగలదనుకోండి. అక్టోబరులో వానలు పడ్డాక నీళ్లు 70 మీటర్ల దగ్గర ఉన్నాయి. 70ని 150తో భాగించి వర్గమూలం తీస్తే 0.68. ఆ వేగం దాటితేనే చుక్క పైకి వస్తుంది. ఘనం చేస్తే పవర్ సుమారు 32 శాతం. మేలో మట్టం 100 మీటర్లకు పడిపోయి, మోటారు నడుస్తున్నప్పుడు ఇంకో 10 మీటర్లు దిగితే వేగం 0.86, పవర్ 63 శాతం. పూర్తి ఎండలో పూర్తి వేగానికి సరిగ్గా సరిపోయేలా ప్యానెళ్లు పెట్టారనుకుని, 12 గంటల పగటి ఎండను సైన్ వక్రంగా తీసుకుంటే, అక్టోబరులో తొమ్మిదిన్నర గంటలు నీళ్లొస్తాయి. మేలో 7 గంటలు కూడా రావు. ఎండ మండిపోయే నెలలోనే మీ పంపు పనిచేసే రోజు చిన్నదైపోతోంది.

ఇప్పుడు ప్యానెళ్లను 1.4 రెట్లు చేయండి. మేలో కావలసిన 63 శాతం కాస్తా ప్యానెళ్ల లెక్కలో 45 శాతమే అవుతుంది. పనిగంటలు ఎనిమిదికి పైగా వస్తాయి. గంటలు పెరిగాయి కాబట్టి గంటకు తోడాల్సిన నీళ్లు తగ్గుతాయి. నెమ్మదిగా తోడితే బోరులో మట్టం అంతగా దిగదు. మట్టం దిగకపోతే ఎత్తు తగ్గుతుంది. ఎత్తు తగ్గితే మోటారు చిన్నది చాలు. 52 వేల లీటర్లను ఎనిమిదిన్నర గంటలకు పంచితే సెకనుకు 1.7 లీటర్లు. మట్టం 10కి బదులు 5 మీటర్లే దిగి ఎత్తు 105 మీటర్లు, కరెంటు నుంచి నీళ్ల దాకా మొత్తం సామర్థ్యం 45 శాతం అనుకుంటే 3.9 కిలోవాట్ల కరెంటు. అంటే 5 హెచ్‌పీలో సరిపోయే అవకాశం ఉంది. ఇది మీ బోరు కొలతలతో తేలాల్సిన మాట, నా హామీ కాదు. కానీ గమనించండి, మోటారు ముందు, ప్యానెళ్లు తర్వాత, టైమ్‌టేబుల్ చివర అనే వరసలో వెళ్తే ఈ దారి మీకు ఎప్పటికీ కనిపించదు. 7.5 హెచ్‌పీ అని రాసుకున్న క్షణంలోనే అది మూసుకుపోయింది.

అనంతపురం నేలలో ఈ ముడి ఇంకా గట్టిది. ఇక్కడి బోర్లకు నీళ్లు గ్రానైటు బండలోని నెర్రెల నుంచి వస్తాయి. బోరులో నిల్వ ఉండే నీళ్లు కొంచెమే. మట్టం ప్రధానమైన నెర్ర కిందికి పోతే ఊట ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి 'మట్టం ఏ గంటలోనూ ఫలానా లోతుకు కిందికి పోకూడదు' అన్నది మీ మోడల్లో ప్రతి గంటకూ వర్తించే కట్టుబాటు కావాలి. సగటు ఊట తీసుకుని లెక్కేస్తే ఇది పట్టుబడదు. బోరు వేసినవాళ్లు చెప్పిన ఇంచుల అంకెనూ నేరుగా మోడల్లోకి ఎక్కించకండి. వి-నాచ్ పలక (వి ఆకారపు గండి ఉన్న కొలత పలక) మీద కొలిచిన ఇంచులైతే, ప్రవాహం ఇంచులకు రెండున్నర ఘాతంలో పెరుగుతుంది. రెండించులకూ మూడించులకూ తేడా ఒకటిన్నర రెట్లు కాదు, దాదాపు 2.75 రెట్లు.

ట్యాంకు దగ్గరా ఇదే కథ. రోజుకు ఇన్ని లీటర్లు, ఠంచనుగా ప్రతిరోజూ ఇవ్వాలని మీరు పెట్టుకున్నారు. కానీ చెట్టు వేళ్ల చుట్టూ ఉన్న మట్టే ఒక ట్యాంకు. 4 ఎకరాలంటే 16 వేల చదరపు మీటర్లు. డ్రిప్‌తో అందులో 30 శాతం తడుస్తుందనుకుందాం. 60 సెంటీమీటర్ల లోతు, మన ఎర్రనేల చెట్టుకు అందించగల తేమలో సగం, అంటే ఘనపరిమాణంలో ఓ 5 శాతం వాడుకుంటే 1 లక్షా 44 వేల లీటర్లు. మీరు కట్టబోయే ట్యాంకు కంటే పెద్దది, ఉచితంగా ఉన్నది. మే ఎండల్లో కూడా దాదాపు మూడు రోజులు మోయగలదు. తెరిచి ఉన్న కుంటయితే వేసవిలో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైనా 20 మీటర్ల చదరానికి 3,200 లీటర్లు గాలిలో కలిసిపోతాయి. నీళ్లను కుంటలో దాచాలా, వేళ్ల కింద దాచాలా అనేది ఒకేసారి సైజు ప్రశ్న, టైమ్‌టేబుల్ ప్రశ్న. తడుల వరస ముందే బిగించేశాక ట్యాంకు ఎంత పెద్దది కట్టాలని అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ పెద్దదిగానే ఉంటుంది.

సరే, కలిపి చేయడం ఎలా?

చాలామంది మొదట పట్టుకునే దారి, మార్చి మార్చి చేయడం. సైజులు బిగించి టైమ్‌టేబుల్‌ని మెరుగుపరుస్తారు, ఆ టైమ్‌టేబుల్‌ని బిగించి సైజుల్ని మెరుగుపరుస్తారు, రెండూ మారకుండా ఆగేదాకా తిప్పుతారు. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. మీ సమస్యలో మాత్రం ఇది మొదటి చుట్టులోనే చతికిలపడుతుంది. మేలో ఒక తెల్లవారుజామున ట్యాంకు ఖాళీ అంచుకు వచ్చిందనుకోండి. టైమ్‌టేబుల్ కదలకపోతే ట్యాంకును ఒక్క లీటరు కూడా తగ్గించలేరు. ట్యాంకు కదలకపోతే, టైమ్‌టేబుల్ మార్చినందువల్ల ఖర్చు పైసా తగ్గదు కాబట్టి దాన్ని మార్చే కారణం సాల్వర్‌కి, అంటే ఉత్తమ జవాబు వెతికే ప్రోగ్రామ్‌కి, లేదు. రెండు వైపులా "ఇంతకంటే మెరుగు లేదు" అని వస్తుంది. రెండింటినీ కలిపి కాస్త జరిపితే లక్ష లీటర్ల ట్యాంకు 40 వేల లీటర్లకు దిగొచ్చు. ఆ కదలిక ఈ పద్ధతిలో అసాధ్యం. విడిగా డిజైన్ చేస్తే మొత్తం వ్యవస్థకు ఉత్తమమైనది వస్తుందన్న హామీ లేదని 2001లోనే ఫాతీ, రేయర్, పపలాంబ్రోస్, ఉల్సాయ్ గణితంగా చూపించారు. కంట్రోల్ (నడిపే పద్ధతి), ప్లాంట్ (యంత్రాల సైజులు) కలిపి చేసే ఈ పనికి కో-డిజైన్ అనే పేరు స్థిరపడింది.

పనిచేసే దారులు రెండున్నాయి. ఒకటి, లోపలొకటి బయటొకటి. బయటి లూపు సైజుల్ని ఎంచుకుంటుంది. ప్రతి ఎంపికకూ లోపలి లూపు ఆ సైజులతో సాధ్యమైన ఉత్తమ టైమ్‌టేబుల్‌ని పూర్తిగా తేల్చి ఖర్చు చెబుతుంది. లోపలి సమస్య సరళంగా, లీనియర్ ప్రోగ్రామింగ్‌లో (అన్ని సంబంధాలూ సరళరేఖలుగా ఉండే లెక్కలో) ఒదిగేలా ఉంటే ఇదే మంచిది. పిన్నాపురం లాంటి చోటు తీసుకోండి. నీళ్లను పైకి తోడి దాచి, కావాల్సినప్పుడు కిందికి దించి కరెంటు తీసే 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ, సోలారూ గాలిమరలూ దానితో కలిసి నడవాలి. పై రిజర్వాయరు ఎంత, యూనిట్లు ఎన్ని అని ఒకసారి ఖాయం చేశాక, గంటగంటకూ ఎంత తోడాలి, ఎంత దించాలి అనేది మొదటి అంచనాకు దాదాపు లీనియర్ లెక్కే. సాల్వర్ క్షణాల్లో తేలుస్తుంది. మార్కెట్లో దొరికే సైజులు నాలుగైదే అయితే బయటి లూపులో అల్గారిథమ్ కూడా అక్కర్లేదు, అన్నీ వేసి చూడొచ్చు.

మీ బోరు లీనియర్ కాదు. వేగం, ఎత్తు, ఊట అన్నీ వంకరగా ముడిపడి ఉన్నాయి. మీకు రెండో దారి నయం. సైజులూ టైమ్‌టేబులూ అన్నిటినీ ఒకే సమస్యలో తెలియని రాశులుగా పెట్టి ఒకేసారి సాధించడం. మూడు రోజులు అన్న మీ గోడు కూడా ఇక్కడే తీరుతుంది.

ఇప్పుడు మీరు చేస్తున్నది చూడండి. అల్గారిథమ్ ఒక టైమ్‌టేబుల్ ఊహిస్తుంది, మీ సిమ్యులేషన్ జనవరి నుంచి డిసెంబరు దాకా మొత్తం నడిచి ఒక్క ఖర్చు అంకె చెబుతుంది. 100 మంది జనాభా, 200 తరాలు అంటే 20 వేల సిమ్యులేషన్లు. ఒక్కోటి 12 సెకన్లయినా 2 లక్షల 40 వేల సెకన్లు, రెండు రోజుల 18 గంటలు పైన. ఏడాదంతా నడిచాక ట్యాంకు ఆగస్టులో ఎండిందని తెలిస్తే మొత్తం ప్రయత్నం చెత్తబుట్టలోకే. ఎక్కడ, ఏ వైపు సరిచేయాలో అల్గారిథమ్‌కి తెలియదు.

దీనికి బదులు, ప్రతి గంట దగ్గరా ట్యాంకు మట్టం, బోరు మట్టం, నేల తేమ అన్నీ కూడా తెలియని రాశులే అనుకోండి. ఒక గంట మట్టానికీ తర్వాతి గంట మట్టానికీ ఉండాల్సిన సంబంధాన్ని, అంటే వచ్చిన నీళ్లు, పోయిన నీళ్లు, సమీకరణంగా రాసి కట్టుబాటుగా పెట్టండి. దీన్ని డైరెక్ట్ ట్రాన్‌స్క్రిప్షన్ లేదా కొలొకేషన్ అంటారు. ఇక సిమ్యులేషన్ అని విడిగా ఏమీ ఉండదు. సాల్వర్ లెక్కను తేలుస్తున్నకొద్దీ భౌతిక సూత్రాలు కూడా క్రమంగా నెరవేరుతూ వస్తాయి. ట్యాంకు ఖాళీ కాకూడదు, పొంగకూడదు, బోరు నెర్ర కిందికి పోకూడదు అనేవి మామూలు పైహద్దులు, కింది హద్దులుగా మారిపోతాయి.

సమస్య పెద్దదైపోదా అని మీకు అనిపించవచ్చు. అవుతుంది. 8,760 గంటలు, నాలుగు స్టేట్లు (మట్టాలు, తేమ లాంటి స్థితులు), మూడు కంట్రోళ్లు (మోటారు వేగం లాంటి మన నిర్ణయాలు) అంటే 61 వేలకు పైగా రాశులు, 35 వేల సమీకరణాలు. పూర్తి మాత్రికగా రాస్తే 215 కోట్ల గళ్లు. కానీ ఒక్కో సమీకరణంలో కనిపించేవి ఆ గంటా, పక్క గంటా, రెండు మూడు సైజులే. సున్నా కాని గళ్లు మూడు లక్షలు కూడా ఉండవు. ఈ ఖాళీని వాడుకునేలా కట్టిన సాల్వర్లు ఉన్నాయి. వాఖ్టర్, బీగ్లర్ చేసిన ఐపాప్ట్ ఉచితం. దానికి గ్రేడియంట్లను, అంటే ఏ రాశిని ఎటు జరిపితే ఖర్చు ఎంత మారుతుందో చెప్పే అంకెలను, ఆటోమేటిగ్గా లెక్కగట్టి ఇచ్చే కాసాడి కూడా ఉచితమే, పైథాన్‌లో వాడొచ్చు. విభాగాలు ఎక్కువగా, మోడళ్లు వేరువేరు మనుషుల దగ్గర ఉంటే నాసా గ్లెన్ కేంద్రం వాళ్ల ఓపెన్ఎండీఏఓ, దానిమీద కాలాన్ని చూసుకునే డైమోస్ ఉన్నాయి. మీ సైజు ప్రాజెక్టుకి నేను కాసాడి, ఐపాప్ట్ చాలంటాను. మంచి మొదటి ఊహ ఇస్తే రోజుల లెక్క నిమిషాల్లోకి దిగుతుంది.

ఒకదానికొకటి ఆధారపడే విభాగాలకు కూడా ఇదే ఉపాయం. ప్రవాహం తెలిస్తే మట్టం, మట్టం తెలిస్తే ఎత్తు, ఎత్తు తెలిస్తే ప్రవాహం. ఇలా చక్రంలా ఉన్నదాన్ని ప్రతి గంట దగ్గరా చుట్లు తిప్పి కుదిర్చాకే ముందుకు వెళ్లే పద్ధతి మీ కోడ్‌లో ఉండే ఉంటుంది. అలా తిప్పినప్పుడు ఎక్కడ ఆపారన్నదాన్ని బట్టి చిన్న చిన్న తేడాలు మిగులుతాయి. మనిషి కంటికి అవి కనిపించవు కానీ గ్రేడియంటును పాడుచేస్తాయి. చక్రాన్ని తెంచి, ప్రవాహాన్నీ ఎత్తునూ రెండింటినీ తెలియని రాశులుగా వదిలి, అవి పొసగాలన్న నియమాన్ని సమీకరణంగా పెట్టండి. కుదిర్చే పని సాల్వర్‌దే.

ఇది పనిచేయాలంటే మోడల్ నునుపుగా ఉండాలి. ఇక్కడ చాలా ప్రాజెక్టులు ఆగిపోతాయి, కాబట్టి జాగ్రత్త. 'వేగం ఇంత దాటితే నీళ్లు, లేకుంటే సున్నా' అని ఇఫ్-ఎల్స్ రాస్తే ఆ మూల దగ్గర గ్రేడియంటు తెగిపోతుంది. కేటలాగులోని పంపు కర్వును సరళరేఖ ముక్కలతో కలపకండి, క్యూబిక్ స్ప్లైన్ (మూలలు లేని నునుపైన వంకరగీత) వాడండి. ట్యాంకు నిండితే పొర్లిపోవడాన్ని మినిమమ్ ఫంక్షన్‌తో రాయకండి. 'పొర్లిన నీళ్లు' అని సున్నాకు తగ్గని ఒక రాశి పెట్టి సాల్వర్‌కే వదిలేయండి. నీళ్లకు ఖర్చు ఉంది కాబట్టి అది ఊరికే పొర్లించదు. లీటర్లలో లక్షలు, కిలోవాట్లలో ఒకట్లు ఉంటే సాల్వర్ తడబడుతుంది. అన్నిటినీ ఒకటి చుట్టుపక్కల ఉండేలా స్కేల్ చేయండి. చివర వచ్చిన టైమ్‌టేబుల్‌ని తీసుకెళ్లి మీ పాత సిమ్యులేషన్‌లో, ఇంకా చిన్న టైమ్ స్టెప్‌తో ఒకసారి నడపండి. రెండింటి మట్టాలు కలవకపోతే గంట అనే అడుగు ఆ చోట పెద్దదైందని అర్థం. మోటారు ఆన్ అయిన మొదటి గంటలో బోరు మట్టం వేగంగా దిగుతుంది కాబట్టి అక్కడ సన్నగా కోయాలి, రాత్రిపూట లావుగా ఉన్నా ఫర్వాలేదు.

డిసెంబరు 31 సంగతి. కాలం అక్కడితో ఆగిపోతుందని మీరే చెప్పారు కాబట్టి సాల్వర్ ఉన్నదంతా వాడేసింది. దాని దృష్టిలో జనవరి 1 లేదు. చివరి మట్టాలు మొదటి మట్టాలకు తగ్గకూడదని కట్టుబాటు పెట్టండి. ఏడాదిని జనవరి నుంచి కాకుండా, నీటిపారుదల వాళ్లు లెక్కేసే జూన్ నుంచి మే దాకా తీసుకోండి. మన బోర్లకు ఊట ఇచ్చేవి ముఖ్యంగా సెప్టెంబరు, అక్టోబరు వానలు. నిండే కాలం, తోడే కాలం రెండూ ఆ ఏడాదిలో తెగకుండా ఉంటాయి. కరువు ఏడాదిలో ఈ కట్టుబాటు నెరవేరదు. అప్పుడు ఐదారేళ్లను వరసగా పెట్టి మొత్తానికి వర్తింపజేయాలి. గంటలూ ఏళ్లూ ఒకే వలలో వేయడం భారమైతే, నెలకు రెండు మూడు నమూనా రోజుల్ని గంటగంటకూ లెక్కించి, భూగర్భ మట్టాన్ని మాత్రం నెల నుంచి నెలకు మోసుకెళ్లండి. కంట్రోలర్‌లో సెకన్లలో జరిగే సర్దుబాట్లు ఈ లెక్కలోకి రానే అక్కర్లేదు. ఇంత ఎండకు ఇంత పవర్ అనే ఒక్క కర్వుగా సరిపోతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ పట్టింపు ఉన్న విషయం. పైన చెప్పినదంతా చక్కగా చేసినా వచ్చే డిజైన్ ప్రమాదకరంగా చిన్నదిగా ఉంటుంది. ఎందుకంటే ఆగస్టు 20న వాన పడుతుందని సాల్వర్‌కి ఆగస్టు 1నే తెలుసు. మీరు ఇచ్చిన వాన లెక్క మొత్తం దాని ముందుంది. వాన ముందు రోజుకు నేలను సరిగ్గా అంచు దాకా ఎండనిచ్చి, ట్యాంకు ఖాళీ చేసి, వానతో నింపుకుంటుంది. రైతుకు ఆ జ్ఞానం లేదు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే, అది కూడా ఎప్పుడు పడుతుందో తెలియని జిల్లాలో, ఆ డిజైన్‌ను నమ్మి పెట్టుబడి పెట్టిన మనిషి చెట్లు పోగొట్టుకుంటాడు. పోయిన చీనీ చెట్టు స్థానంలో కొత్తది కాపుకు రావడానికి నాలుగైదేళ్లు. ఇది పట్టించుకోకుండా సేవింగ్స్ శాతం మాత్రం థీసిస్‌లో రాసుకునే వాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

అందుకే సాల్వర్ ఇచ్చిన గంటగంట టైమ్‌టేబుల్‌ని అంతిమ జవాబుగా తీసుకోకండి. అది 'ఈ సైజులతో సాధ్యమైన గరిష్ఠం ఇంత' అని చెప్పే ఒక హద్దు మాత్రమే. ఆ టైమ్‌టేబుల్‌ని చూసి అందులో కనిపించే అలవాట్లను రైతు పాటించగల నియమంగా మార్చండి. నేల తేమ ఇంతకు తగ్గితే ఒక తడి, బోరు మట్టం ఇంతకు దిగితే మోటారు వేగం ఇంతకు మించకూడదు, ట్యాంకు ఇంత దాటితేనే రెండో తడి. ఇలా మూడు నాలుగు హద్దులు. ఆ హద్దుల అంకెల్నీ, సైజుల్నీ కలిపి మళ్లీ ఆప్టిమైజ్ చేయండి. ఈసారి మంచి ఏడాది, మామూలు ఏడాది, వరసగా రెండు కరువు ఏళ్లు, అన్నిటి మీదా ఒకేసారి. సైజులూ హద్దులూ అన్ని ఏళ్లకూ ఒకటే, మట్టాలు మాత్రం ఏ ఏడాదివి ఆ ఏడాదివి. రాశులు తక్కువే కాబట్టి, కావాలంటే మీ జెనెటిక్ అల్గారిథమ్‌ను ఇక్కడ వాడుకోవచ్చు. హద్దుకూ నియమానికీ మధ్య ఖర్చులో ఎంత తేడా వచ్చిందో అదే భవిష్యత్తు తెలియకపోవడం వల్ల పడే ఖరీదు. వాతావరణ శాఖ ఇచ్చే ఐదు రోజుల అంచనాను వాడితే ఆ తేడాలో కొంత వెనక్కి వస్తుందేమో కూడా చూడండి. ప్రతిరోజూ ఐదు రోజుల ముందుచూపుతో లెక్క తేల్చి, మొదటి రోజు నిర్ణయం మాత్రం అమలు చేసి, మర్నాడు మళ్లీ లెక్కించే పద్ధతి అది.

నేల తేమకు కింది హద్దు ఏడాదంతా ఒకేలా పెట్టకండి. పూత కోసం నీళ్లు ఆపి తోటను బెట్టకు పెట్టే రోజులు ఏవో రైతును అడిగి తెలుసుకోండి. ఆ వారాల్లో నీళ్లు అడగని మోడల్, కాయ ఊరే వారాల్లో ఖచ్చితంగా అడగాలి. మీ లెక్కలో ఇది లేనందువల్ల కూడా ట్యాంకు పెరిగి ఉండొచ్చు.

ఫలితం వచ్చాక సైజుల అంకెల కంటే ముందు కట్టుబాట్ల పక్కనుండే గుణకాల్ని, అంటే ఆ కట్టుబాటును కాస్త సడలిస్తే ఖర్చు ఎంత తగ్గుతుందో చెప్పే అంకెల్ని, చూడండి. ఐపాప్ట్ వాటిని ఉచితంగా ఇస్తుంది. ట్యాంకు హద్దు గుణకం ఏడాదంతా సున్నాగా ఉండి ఏప్రిల్ చివర వారం రోజులే పైకి లేస్తే, మీరు ట్యాంకు కడుతున్నది ఆ వారం కోసమే. ఆ వారంలో చెట్టుకు 120కి బదులు 100 లీటర్లు ఇస్తే ఏమవుతుందని రైతునూ, ఉద్యాన శాఖ వాళ్లనూ అడగడం లక్షలు పోసి కాంక్రీటు కట్టడం కంటే చవక. గుణకం బోరు మట్టం మీద పెద్దగా ఉంటే ప్యానెళ్ల మీద పెట్టే డబ్బు దండగ. అక్కడ నీళ్లే కొరత.

అంతా కలిపి చేయాలన్న ఉత్సాహంలో అన్నీ కలపకండి. డ్రిప్ పైపుల సైజు, ఫిల్టర్లు, స్టాండ్ల ఇనుము లాంటివి టైమ్‌టేబుల్‌ని మార్చవు. తేల్చుకోవడానికి తేలిక పరీక్ష ఒకటుంది. ఒక సైజును పది శాతం మార్చి టైమ్‌టేబుల్‌ని మళ్లీ ఆప్టిమైజ్ చేయండి. దాని ఆకారం మారకపోతే ఆ సైజును విడిగా తేల్చుకోవచ్చు. మీ సిస్టమ్‌లో కలిపి చేయాల్సినవి నాలుగే అని నా అంచనా: మోటారు, ప్యానెళ్లు, ట్యాంకు, తడుల నియమం. ప్యానెళ్లలో కొన్నిటిని తూర్పుకు, కొన్నిటిని పడమరకు తిప్పడాన్ని ఐదోదిగా చేర్చి చూడండి. మధ్యాహ్నం శిఖరం తగ్గినా పొద్దున, సాయంత్రం పంపు నీళ్లు పైకి ఎత్తగల వేగం దాటే గంటలు పెరుగుతాయి. మోటారుకు 3, 5, 7.5 అనే సైజులే దొరుకుతాయి కాబట్టి ముందు ఏ అంకైనా రానిచ్చి, తర్వాత అటూ ఇటూ ఉన్న రెండు సైజులతో విడిగా సాధించి పోల్చండి.

కోడ్ ముట్టుకునే ముందు తోటకు ఒకసారి వెళ్లండి. రాత్రంతా ఆగి ఉన్న బోరులో పొద్దున్నే మట్టం కొలవండి. మోటారును ఒకే వేగంలో నాలుగు గంటలు నడిపి, మొదటి గంటలో ఐదు నిమిషాలకోసారి, తర్వాత పదిహేను నిమిషాలకోసారి మట్టం, ప్రవాహం రాసుకోండి. ఆపాక తేరుకునే మట్టాన్ని కూడా అంతే సేపు కొలవండి. వీలైతే మర్నాడు సగం ప్రవాహంతో అదే చేయండి. ఎంత తోడితే ఎంత దిగుతుంది, ఎంత సేపట్లో తేరుకుంటుంది అనే రెండు అంకెలు దీంతో వస్తాయి. నీళ్లు బాగున్న ఈ నెల కొలతతోనే ఆగకుండా ఏప్రిల్లో మళ్లీ కొలవండి. మోటారు కొనే నిర్ణయం ఆ రెండో కొలత వచ్చేదాకా ఆపమని రైతుకు చెప్పండి. ఆ అంకెలు, పంపు కర్వు, మీ వాన లెక్క ఇక్కడ పెడితే కట్టుబాట్లు ఎలా రాయాలో వరసగా చూపిస్తాను.